ఎత్తు తెలియని విమానం కోసం విశాఖకు

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించి చెబుతారు. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్ళు అరకు దాకా వెళ్ళి కాఫీ పొడి తెచ్చుకుని, దాని గురించి చెబుతారు. నేను అయిదు రోజులు ఉండి, ముఖ్యంగా ఒక చిన్న విమానం పక్కటెముక మీద పెసరగింజంత బెజ్జాన్ని చూసి వచ్చాను. వెళ్ళనివాళ్ళకి ఆ బెజ్జం సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నా పని చిన్న విమానాల్లో మీటర్లు బాగుచేయడం. హైదరాబాద్‌లో ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్నాను. ఎవరైనా అడిగితే మా ఆవిడ "విమానాల గడియారాలు రిపేరు చేస్తారు" అని చెబుతుంది. దిద్దీ దిద్దీ విసిగి ఊరుకున్నాను. ఈ రంగంలో నాకొక పేరుంది: పిలిస్తే వస్తాడు, పెట్టమన్నచోట సంతకం పెడతాడు అని. అది పొగడ్త అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

విశాఖ నుంచి ఫోన్ చేసింది ఒక చైర్మన్ గారి మేనేజరు. చైర్మన్ గారికి రొయ్యల చెరువులున్నాయి, లేఅవుట్లున్నాయి, మధ్యలో ఆరు సీట్ల విమానం ఒకటి ఉంది. మేనేజరు విషయం తేల్చి చెప్పాడు. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించే మీటరు, అంటే ఆల్టిమీటరు, పనిచేయడం లేదని పైలట్ అంటోంది. కొత్తది కొని బిగించారు. అదీ పనిచేయడం లేదంటోంది.

"ఒక మీటరు పాడవుద్ది సార్. రెండోదీ పాడవుద్దా? సూసేవోళ్ళదే తప్పు. మీరొచ్చి ఆ ముక్క రాసిచ్చీండి, మిగతాది మేం సూసుకుంటాం," అన్నాడు.

మిగతాది అంటే ఏమిటో తరువాత తెలిసింది. పైలట్‌కి ఇవ్వాల్సిన ఉత్తరం అప్పటికే టైపు చేసి ఉంచారు. మీటరు చదవడం రాని పైలట్ అని నా సంతకంతో ఒక కాగితం వెళితే, ఆ అమ్మాయిని ఈ దేశంలో ఇంకెవరూ విమానం ఎక్కించరు. రైలెక్కేటప్పటికి నాకీ సంగతి తెలియదు. తిరుగు టికెట్ కూడా వాళ్ళే కొన్నారని సంతోషపడ్డాను.

రైల్లోనే మూడు కారణాలు

తెల్లవారి అనకాపల్లి దాటుతుండగా ఎదురు బెర్తు మీది బెల్లం వ్యాపారి నా పెట్టె ఏమిటని అడిగాడు. మీటర్లు పరీక్షించే పెట్టె అని చెప్పి, వెళ్తున్న పని చెప్పాను. రెండు నిమిషాల్లో పెట్టె చుట్టూ చర్చ మొదలైంది.

"ఉప్పుగాలి బావ," అన్నాడు బెల్లం వ్యాపారి. "మా యింటి తలుపు గొళ్ళేలే ఏడాదికోసారి తినీత్తాది. నీ మీటరెంత?"

పక్కాయన రిఫైనరీ పొగ అన్నాడు. పై బెర్తు మీంచి ఒకాయన తల వేలాడదీసి ఉక్కు ఫ్యాక్టరీ దుమ్ము అన్నాడు. విమానాన్ని చూసినవాళ్ళు ఆ ముగ్గురిలో ఒక్కరూ లేరు. మా హైదరాబాద్‌లో తెలియని విషయమైతే "ఏమో" అని భుజాలెగరేస్తారు. ఉత్తరాంధ్రలో అలా కాదు. అడిగినవాడు చిన్నబుచ్చుకోకూడదని ఏదో ఒక కారణం చేతిలో పెట్టి పంపిస్తారు.

ఇంకో తేడా కూడా రైల్లోనే తెలిసింది. మా దగ్గర మగవాళ్ళందరూ ఒకరికొకరు అన్నలు. ఇక్కడ అందరూ బావలు. స్టేషన్ బయట ఆటో ఆయన కూడా "మల్కాపురమా బావ? ఎక్కు," అన్నాడు. మీటరు వెయ్యమన్నాను.

"మీటరు పనిసేత్తంది గాని దాన్ని నాను నమ్మను బావ. తక్కువ సూపిత్తాది," అన్నాడు.

నేను చేయబోతున్న పని గురించి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. అడిగినంతా ఇచ్చాను.

మల్కాపురం

లాడ్జి మల్కాపురంలో ఇచ్చారు. కిటికీ తెరిస్తే రిఫైనరీ వాసన, మూస్తే చెమట. రెండింటిలో ఏది కావాలో అద్దెదారు తేల్చుకోవాలి. లాడ్జి గుమాస్తా మాత్రం వాసన ఏదీ లేదన్నాడు. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడట.

ఎదురు హోటల్లో టిఫిను బాగుంది. పోర్టులో డ్యూటీకి వెళ్ళే మనుషులు నిలబడే తినేస్తున్నారు. నలభై రూపాయలకి నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, అల్లం చట్నీ, పైన కారప్పొడి. మా కూకట్‌పల్లిలో ఆ డబ్బుకి రెండు ఇడ్లీలిచ్చి, రెండోసారి చట్నీ అడిగితే పైనుంచి కిందికి చూస్తారు. ఇక్కడ అడగకుండానే గరిటెతో వచ్చి పోశాడు, నా చొక్కా మీద కూడా కొంచెం. చైర్మన్ గారి మనుషులకి మొదటిసారి ఆ అల్లం మరకతోనే కనిపించాను.

అమ్ముడుపోని లేఅవుట్‌లో

గాజువాక దాటి, ఉక్కునగరం దాటి, సముద్రం వైపు తిరిగి ఇంకా పోతే చైర్మన్ గారి రన్‌వే వస్తుంది. అది మొదట్లో రన్‌వే కాదు. సముద్రం కనిపించే ప్లాట్లంటూ లేఅవుట్ వేశారు. ప్లాట్లలోంచి సముద్రం కనబడాలంటే మూడంతస్తులు లేవాలని కొనేవాళ్ళు కనిపెట్టేశారు. అమ్ముడుపోలేదు. అప్పుడు నడిమధ్య వేసిన వంద అడుగుల రోడ్డుకి అన్ని అనుమతులూ తెచ్చి విమానం దింపారు. ఇప్పటికీ రెండు వైపులా ప్లాటు నంబర్ల రాళ్ళున్నాయి. విమానం నలభై రెండో నంబరు ప్లాటు దగ్గర గాల్లోకి లేస్తుంది.

గేటు దగ్గర చైర్మన్ గారి సొంత సెక్యూరిటీ వాళ్ళు నా పెట్టె తెరిపించారు. అందులో మీటర్లు, రబ్బరు గొట్టాలు ఉన్నాయి. "గొట్టాలెందుకేటి?" అన్నాడు సూపర్‌వైజరు. గాలి కోసమన్నాను. అతనికి అది మరీ అనుమానంగా తోచింది. మేనేజరు ఫోన్ ఎత్తలేదు. పెట్టెను గేటు గదిలో పెట్టి తాళం వేసి, నన్ను మాత్రం లోపలికి వదిలారు. కత్తి తీసుకుని మంగలిని పంపించినట్టయింది.

షెడ్డులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకామె ఊడుస్తోంది, పక్క పల్లెలోని జాలరి కుటుంబం మనిషి, పేరు పోలమ్మ. రెండో ఆమె పైలట్ శిరీష. ముప్ఫై లోపు వయసు, చేతిలో దస్త్రం, మొహంలో నిద్రలేమి. నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టింది.

"మీరేం రాయాలో వాళ్ళు ముందే చెప్పేశారట కదా సార్," అంది.

నేను దగ్గాను. ఏం జరిగిందో చెప్పమన్నాను.

దసరా నాడు చైర్మన్ గారు ముగ్గురు భాగస్వాములని తీసుకొచ్చారు. వాళ్ళకి కొత్త లేఅవుట్‌ని పైనుంచి చూపించాలి. సిద్ధాంతి గారు ముహూర్తం పెట్టారు. శిరీష పద్ధతి ప్రకారం విమానం చుట్టూ తిరిగి అన్నీ చూసుకుని, ఎక్కి సీట్లో కూర్చుంది. విమానం లేచింది. కింద చెరువులు చిన్నవవుతున్నాయి, చెవులు గుయ్యిమంటున్నాయి, ఆల్టిమీటరు మాత్రం ఇంకా నలభై రెండో ప్లాటులోనే ఉన్నానంటోంది. ఆమె సముద్రం మీద ఒక చుట్టు తిప్పి, కంటి అంచనాతో, ఫోనులోని జీపీఎస్ చూసుకుంటూ వెనక్కి తెచ్చి దించేసింది. లేఅవుట్ చూడలేదు. భాగస్వాములు కారెక్కి వెళ్ళిపోయారు. చైర్మన్ గారికి తల కొట్టేసినట్టయింది.

"గాలి వెళ్ళే బెజ్జం మూసుకుపోయి ఉంటుంది, చూడండి అని ఆ రోజే విమానం రిపేర్ల పుస్తకంలో రాశాను సార్. దిగగానే నన్ను ఆఫీసుకి పిలిపించారు, మెకానిక్ వచ్చేసరికి విమానం కడిగేశారు. బయట శుభ్రంగానే ఉంది. ఆయన మీటరు మార్చేసి వెళ్ళిపోయారు."

ఇక్కడ ఆ మీటరు గురించి రెండు మాటలు చెప్పాలి. దాని లోపల పల్చటి రేకు డబ్బీ ఒకటి ఉంటుంది. పైకి వెళ్ళే కొద్దీ బయట గాలి పలచబడుతుంది, డబ్బీ నూనెలో పూరీలా ఉబ్బుతుంది, సూది తిరుగుతుంది. ఆ బయటి గాలి ఒక గొట్టంలోంచి రావాలి. గొట్టం చివర విమానం పక్కన ఓ చిన్న బెజ్జం ఉంటుంది. అది మూసుకుపోతే మీటరుకి లోకంతో సంబంధం తెగిపోతుంది. మూసినప్పుడు ఎక్కడుందో అక్కడే ఉన్నాననుకుంటుంది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళలో ఈ జబ్బు చూశాను గాని, ఇంత స్పష్టంగా చూడలేదు.

సీట్లో కూర్చుని చూశాను. మధ్యాహ్నం మూడింటికి షెడ్డు పొయ్యిలా ఉంది. సూది సున్నాకి ఎడమ పక్కకి జారి, మేము సముద్రమట్టానికి నాలుగు వందల అడుగుల కింద ఉన్నామని చెబుతోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొండెక్కి కూర్చుంటుందని శిరీష చెప్పింది. గొట్టంలో చిక్కుకున్న గాలి వేడెక్కి, చల్లారి, సూదిని ఆడిస్తోందన్నమాట. కొత్తగా వచ్చినవాడికైనా అర్థమయ్యే సంగతి. విప్పి చూస్తే గంటలో తేలుతుంది.

"రేపు విప్పుదాం," అన్నాను.

"రేపు శుక్రవారం సార్," అంది శిరీష. "శుక్రవారం విమానంలోంచి ఏదీ బయటికి తియ్యకూడదట. సిద్ధాంతి గారు చెప్పారు. లక్ష్మి వెళ్ళిపోతుందట."

ఉక్కునగరంలో ఒక భోజనం

చేతిలో పని లేని శుక్రవారం నన్ను శిరీష తన ఇంటికి భోజనానికి పిలిచింది. ఉక్కునగరంలో అయిదో సెక్టారు. ఒకే రంగు క్వార్టర్లు, వరసగా చెట్లు, షిఫ్టు నుంచి వచ్చి పగలు పడుకునే మనుషుల కోసం మూసిన కిటికీలు. నాలుగు గుమ్మాలు తట్టి నాలుగు నిద్రలు పాడుచేశాక వాళ్ళ ఇల్లు దొరికింది.

వాళ్ళ నాన్న అప్పలనాయుడు గారు ఉక్కు కర్మాగారంలో మీటర్ల విభాగంలో పనిచేస్తారు. విజయనగరం వైపు పల్లెలో వ్యవసాయం వదిలి వచ్చిన మనిషి. నాకు చెయ్యి కడుక్కోనివ్వకుండానే ప్రశ్న మొదలెట్టారు.

"సార్, నాను ముప్పయ్యేళ్ళయి మీటర్లు సూత్తన్నాను. రీడింగు తేడా వొచ్చిందంటే ముందు గొట్టం సూత్తాం, ఆకర్ని మీటరు సూత్తాం. గొట్టం సూడకుండా మీటరు మార్సీసినోడ్ని సూసేను గాని, మనిషిని మార్సీసీవోడ్ని ఇప్పుడే సూత్తన్నాను."

నేను కొరమేను పులుసులో ముల్లు వెతుకుతున్నట్టు నటించాను.

"నాన్నా, సార్ని తిననీ," అంది శిరీష. బయట 'నేను' అనే అమ్మాయి ఇంట్లో 'నాను' అంటోంది. "నాను సెప్పేను కదా, రేపు విప్పుతారు."

"మీ పెట్టె గేటు కాడ ఉండిపోయిందట కదేటి?" అన్నారాయన. లోపలికి వెళ్ళి ఒక చెక్క పలక తెచ్చారు. దాని మీద ఆంగ్ల అక్షరం యు లాగా వంచిన ప్లాస్టిక్ గొట్టం, అందులో సిరా కలిపిన నీళ్ళు, పక్కన గాలి ఒత్తిడి చూడటానికి పెన్సిల్‌తో గీసిన కొలతలు. నా పెట్టె ఖరీదులో నూరో వంతు కూడా ఉండదు. పనిలో మాత్రం నా పెట్టెకి తాత.

చారు పోసేటప్పటికి నేను సార్ నుంచి బావనయ్యాను. మజ్జిగ దగ్గర ఆయన గొంతు తగ్గించారు.

"బావ, దాని సదువుకి ఊర్లో పొలం అంతా పోయింది. అది నాను లెక్కెట్టుకోలేదు. కాని మీటరు సదవడం రాదని దాని మీద రాత్తే, నాను రేపు షిఫ్టుకి ఎలాగెల్తాను?"

ఇన్నేళ్ళలో తప్పేమీ లేదని రాసి సంతకం పెట్టిన కాగితాలు చాలా ఉన్నాయి. వాటి అవతల ఎవరి ఇంట్లో ఎవరు కూర్చుని ఉన్నారో నేనెప్పుడూ చూడలేదు. నాకు సిగ్గేసింది. రెండోసారి పులుసు వద్దన్నాను, అయినా వడ్డించారు.

శనివారం, గంధం వాసన

గొట్టాలున్న పెట్టెని ఆపిన సెక్యూరిటీ వాళ్ళు గొట్టమున్న చెక్కని ఆపలేదు. "ఇదేటి, పిల్లల సైన్సు ప్రాజెక్టా?" అని నవ్వి వదిలేశారు.

పొద్దున్నే మొదలెట్టాను. డాష్‌బోర్డు వెనక ఆల్టిమీటరుకి తగిలించిన గొట్టాన్ని విప్పగానే సూది ఒక్క గెంతు గెంతి, ఉండాల్సిన చోటికి వచ్చి నిలబడింది. అంటే మీటరు బంగారం. పాతదీ బంగారమే అయి ఉంటుంది, పాపం దాన్ని ఇనప సామాన్లలో వేశారు. ఇక గొట్టం. అదే గొట్టానికి తగిలించిన మిగతా మీటర్లని కూడా విడదీసి, లోపలి నుంచి బయటికి గాలి ఊదాను. గాలి వెళ్ళలేదు. కాబట్టి అడ్డం బెజ్జం దగ్గరే ఉంది.

బయటికి వచ్చి, తలుపుకి కాస్త ముందు, కింద ఉన్న ఆ బెజ్జం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చుట్టూ నున్నటి గుండ్రని రేకు, మధ్యలో బెజ్జం. పైకి కడిగిన ముత్యం. సన్నటి రాగి తీగ పెట్టి మెల్లగా తిప్పాను. పసుప్పచ్చటి పొడి రాలింది. ఇంకాస్త తిప్పితే చిన్న ముక్క ఊడి నా అరచేతిలో పడింది. ఎండి సిమెంటయిపోయింది. వాసన చూశాను. గుడికి వెళ్ళినట్టుంది.

ఆ ముక్కని శిరీషకి చూపించాను. అడిగాను: "ఇక్కడ బొట్టెవరు పెట్టారు?"

మేనేజరు అప్పటికే వెనక నిలబడి ఉన్నాడు. ఆలోచించడానికి అతనికి ఒక క్షణం కూడా పట్టలేదు. "ఇంకెవరు సార్, పోలమ్మే. శుక్రవారం శుక్రవారం గుమ్మానికి పసుపు రాత్తాది. విమానానికీ రాసీసుంటాది. ఈ రోజే పంపించీత్తాను."

పోలమ్మ చీపురు కింద పెట్టి వచ్చింది.

"మా పడవకి బొట్టెడతాం బాబూ, ఎట్టకేటి. ముక్కు కాడ ఎడతాం. బెజ్జం మీద ఎవులైనా ఎడతారేటి? బెజ్జం అగుపిత్తే గుండె దడ మాకు. ముందు దాని సంగతి సూసుకున్నాకే బొట్టు." తరువాత మేనేజరు వైపు తిరిగింది. "కడగమన్నావు, కడిగేను. ఎట్టినోళ్ళెవులో నువ్వెరగవేటి?"

మేనేజరు ఎరగనన్నాడు. పోలమ్మ చీపురు అందుకుని వెళ్ళిపోయింది. నేను ముక్కని కాగితంలో పొట్లం కట్టుకున్నాను.

పూర్ణా మార్కెట్ పరీక్షశాల

మధ్యాహ్నం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. ఎండు చేపల వరస, ఉల్లిపాయల బస్తాలు, అరటి గెలలు, వాటి మధ్య నడవడానికి మిగిలిన జానెడు దారి. మా బేగంబజార్ ఇంతకంటే పెద్దదే, కాని అక్కడ నెట్టినవాడు తిడతాడు. ఇక్కడ నెట్టి, "సూసుకో బావ," అని సలహా ఇచ్చి వెళతారు.

పూజ సామాన్ల కొట్లో పెద్దాయన పొట్లం విప్పి, ముక్కని గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మా ల్యాబుల్లో మూడు వారాలు పట్టే రిపోర్టు అరనిమిషంలో వచ్చింది.

"ఇది ఇళ్ళల్లో రాసుకునే పసుపు కాదండి. గంధం ఉంది, పచ్చకర్పూరం ఉంది, నెయ్యి ఉంది, శెనగపిండేసి మెదిపేరు. అలా మెదిపితే జారిపోకుండా అంటుకుంటాదని సిద్ధాంతులు చీటీ రాసి పంపుతారు. పెద్దోళ్ళ కార్లకి, లాంచీలకి. మామూలోళ్ళు కొన్రు, గిట్టదు."

పోలమ్మ జీతానికి ఆ ముద్ద అందుబాటులో లేదని తేలిపోయింది. ఆయనకి కృతజ్ఞతగా మా ఆవిడకని పావుకిలో పసుపు కొన్నాను. బీచికి వెళ్ళి ముప్ఫై రూపాయలకి మురీ మిక్చరు, అంటే మసాలా కలిపిన మరమరాలు, ఒక పొట్లం తిని, సముద్రాన్ని మొదటిసారి తిన్నగా చూశాను. డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి ఒక ఓడ లోపలికి వస్తోంది. దాని ముందు దారి చూపిస్తూ చిన్న పడవ ఒకటి వెళుతోంది. పెద్ద ఓడ దాని మాట బుద్ధిగా వింటోంది.

చైర్మన్ గారి గది

ఆదివారం చైర్మన్ గారు రమ్మన్నారు. ఏసీ ఎంత చల్లగా ఉందంటే, విశాఖలో నాకు చెమట పట్టని ఒకే ఒక చోటు అదే. శిరీషని, పోలమ్మని కూడా పిలిపించారు. పోలమ్మ కార్పెట్ మీదికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

బెజ్జంలో పూజ ముద్ద దొరికిందని చెప్పాను. చైర్మన్ గారు పోలమ్మ వైపు చూశారు. పోలమ్మ తిన్నగా ఆయన వైపు చూసింది.

"ఏటి సూత్తావు? ఇంత పని సేసి," అన్నారాయన.

"నాను కాదు బాబూ. ఆయాల మీరే..." అని ఆగిపోయింది.

"సార్, వాదనెందుకు," అని మేనేజరు ఉత్సాహంగా ఫోన్ తీశాడు. "ఆ రోజు మన రీలు ఉంది. ఈవిడ విమానం పక్కనే తిరగడం అందులో పడుద్ది." గోడ మీది పెద్ద టీవీకి తగిలించి వేశాడు.

సన్నాయి మొదలైంది. కొబ్బరికాయ కొట్టారు. పోలమ్మ ఎక్కడో మూల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అద్దంలోంచి సీట్లో కూర్చున్న శిరీష తల కనబడుతోంది. చైర్మన్ గారు పట్టుపంచెతో, వెండి గిన్నెతో ముందుకొచ్చారు. బొట్టుకి చోటు వెతికారు. తెల్లటి విమానం ఒంటి మీద, గుండ్రంగా, మెరుస్తూ, మధ్యలో చుక్కతో, బొట్టు కోసమే చేసినట్టున్న చోటు ఒకటి ఆయనకి దొరికింది. బొటనవేలితో ముద్ద తీసుకుని అక్కడ అద్దారు. జారకుండా గట్టిగా నొక్కారు. "మూడుసార్లండి," అని సిద్ధాంతి గారి గొంతు వినబడింది. మూడుసార్లు నొక్కారు. కెమెరా బొటనవేలి దగ్గరికి వెళ్ళి, పూల వాన గ్రాఫిక్స్‌తో ఆగిపోయింది.

మేనేజరు చప్పుడు ఆపేశాడు. బొమ్మ ఆపడం మర్చిపోయాడు. గోడ మీద అడుగున్నర బొటనవేలు అలాగే ఉంది.

చైర్మన్ గారు నా వైపు తిరిగారు. "సరే సార్. ఉత్తరం సింపీత్తాం. ఆ పిల్ల ఉద్యోగం ఆ పిల్లదే. మీరు మాత్రం కందిరీగ గూడు అని రాసీండి. విమానాల్లో కందిరీగలు గూడెడతాయంట కదేటి. అందరికీ నింద పోద్ది."

నిజం చెప్పాలంటే నా చెయ్యి జేబులో పెన్ను దగ్గరికి వెళ్ళింది. ఎవరికీ నష్టం లేదనిపించింది. ఇరవై ఏడేళ్ళ అలవాటు ఊరికే పోదు.

"నాకు పోదు సార్," అంది శిరీష. "కందిరీగ ఒక్క నిమిషంలో గూడు కట్టదు. ఎక్కే ముందు నేను చుట్టూ తిరిగినప్పుడే అది ఉండాలి. అంటే నేను చూడకుండా నలుగురిని ఎక్కించుకుని లేచానని రాసినట్టు. ఇప్పుడున్న ఉత్తరం కంటే అదే పెద్ద తప్పు. నేను చూశాను. అప్పుడక్కడ ఏమీ లేదు."

"అంటే ఏటి, నా పేరు రాయాలా?" చైర్మన్ గారి గొంతు పెరిగింది. "నా విమానానికి నేను పూజ సేసుకోకూడదా? రేపు భాగస్వాములు మళ్ళీ వొత్తన్నారు. తొమ్మిదింబావుకి ముహూర్తం. మీ సంతకం లేందే లేవదు. కందిరీగ అని రాసి పుణ్యం కట్టుకోండి."

పెన్ను వదిలి జేబులోంచి చెయ్యి బయటికి తీశాను.

"రేపు మీరూ ఎక్కుతున్నారు కదా?" అని అడిగాను.

"ఎక్కాలి కదా."

"విమానం రిపేర్ల పుస్తకంలో రాసింది చదివే వచ్చే ఏడాది ఎవరైనా జాగ్రత్త పడతారు. కందిరీగ అని రాస్తే కందిరీగల మందు కొడతారు. వచ్చే దసరాకి మీ వేలు మళ్ళీ అక్కడికే వెళుతుంది. ఆ రోజు మబ్బు పట్టి కింద నేల కనబడకపోతే, ఈవిడ కాకుండా ఇంకెవరో నడుపుతుంటే, మీటరు మాట నమ్మి కొండలోకి పోతారు."

ఆయన టీవీ మీది బొటనవేలి వంక చూశారు. తరువాత ఒళ్ళో ఉన్న తన బొటనవేలి వంక చూసుకున్నారు. మేనేజరుకి టీవీ కట్టెయ్యాలని అప్పుడు గుర్తొచ్చింది.

"రాసుకోండి," అన్నారు చివరికి. "పేరొద్దు. యజమాని అని రాయండి."

రాశాను. పైలట్ తనిఖీ పూర్తయ్యాక, యజమాని పెట్టిన పూజ ముద్ద గాలి బెజ్జంలో గట్టిపడటమే కారణం. మీటరు తప్పు లేదు. పైలట్ తప్పు లేదు. చివరి వాక్యం కింద గట్టిగా గీత గీశాను. శిరీష ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకుని అక్కడే వాళ్ళ నాన్నకి పంపింది. పోలమ్మ సోమవారం పనిలోకి రావాలా వద్దా అని అడిగింది. రమ్మన్నారు.

ఆ సాయంత్రానికి గేటు దగ్గర నా పెట్టె వదిలారు. గొట్టమంతా శుభ్రం చేసి, అందులోంచి గాలి లాగి మీటరుని వెయ్యి అడుగుల ఎత్తుకి ఎక్కించి, గాలి కారకుండా నిమిషం సేపు నిలుస్తుందో లేదో నా పెట్టెతో ఒకసారి, అప్పలనాయుడు గారి చెక్కతో ఒకసారి చూశాను. రెండూ ఒకే మాట చెప్పాయి. సంతకం పెట్టాను.

సోమవారం, తొమ్మిదింబావు

భాగస్వాములు వచ్చారు. సిద్ధాంతి గారు వెండి గిన్నెతో వచ్చారు. బొట్టు ఎక్కడ పెట్టాలో శిరీష చూపించింది: ముందు తిరిగే పంకా మధ్యలో ఉన్న టోపీ మీద, తేలిగ్గా, ఒక్కసారే. పోలమ్మ షెడ్డు గోడకి ఆనుకుని, ముక్కు కాడే అన్నట్టు తల ఊపింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చైర్మన్ గారు, భాగస్వాములు ఎక్కి బెల్టులు బిగించుకున్నారు.

అప్పుడు శిరీష ఎక్కలేదు. దస్త్రం చంకలో పెట్టుకుని మొదటి నుంచి మళ్ళీ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. రెక్క అంచు చేత్తో నిమిరింది. తోక కదిపి చూసింది. టైరు దగ్గర వంగి, నూనె కారలేదు కదా అని చూసింది. పొద్దున ఒకసారి చేసిందే, ఒక్కటీ వదలకుండా మళ్ళీ చేస్తోంది.

"బాబు గారూ, రెండు నిమిషాలే ఉంది," అన్నారు సిద్ధాంతి గారు గడియారం చూసుకుంటూ. "ఎక్కమనండి అమ్మాయిని. దాటితే మళ్ళీ మధ్యాహ్నం దాకా మంచి ఘడియ లేదు."

చైర్మన్ గారి నుదుటి మీద చెమట కారుతోంది. ఒక చేత్తో తలుపు పట్టుకున్నారు, ఇంకో చేత్తో బెల్టు పట్టుకున్నారు. ఆమె ఆయన కిటికీ కింద ఆ బెజ్జం ముందు మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వెలిగించింది.

"మీరుండండి పంతులుగారూ," అన్నారు చైర్మన్ గారు. "కెప్టెన్ గారు సూత్తన్నారు."

ఆమె తల ఎత్తలేదు. తొమ్మిదింబావు అయింది, దాటింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.